మొదటి వయొలిన్‌కు సిక్ లీవు

విద్యార్థినుల హాస్టల్,
మెట్ల పక్క గది

పిన్నీ,

నువ్వు పంపిన దిండు అందింది. గదిలో కుర్చీకి సరిగ్గా సరిపోయింది. కొలత తీసుకోకుండా ఎలా కుట్టావో తెలియదు.

డిగ్రీకి ఇంకా ఏమేం మిగిలాయని అడిగావు. రాతపరీక్ష అయిపోయింది. పరభాషా పరీక్ష కూడా అయింది. ఆ భాషలో ‘నెమ్మదిగా’, ‘ఇంకా నెమ్మదిగా’, ‘ఏడుస్తున్నట్టు’ అన్న మాటలు వస్తే చాలట. ఇక మిగిలింది క్వార్టెట్. అంటే నలుగురం కలిసి వాయించాలి. రెండు వయొలిన్లు, వాటికంటే బొంగురుగా పలికే నా వయోలా, కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని వాయించే పెద్ద చెలో ఒకటి.

నలుగురం అని రాశాను కాని, ఇప్పుడు నేనొక్కదాన్నే ఉన్నాను. మొదటి వయొలిన్ అమ్మాయికి ఓడలో ఉద్యోగం వచ్చింది, ప్రయాణికులు భోంచేసే వేళ వాయించడానికి. రెండో వయొలిన్ అబ్బాయికీ చెలో అమ్మాయికీ పెళ్ళి కుదిరింది. కుదిరాక ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఆ తర్వాత చదువు కూడా మానేశారు.

మా సంగీత కళాశాల హెడ్డుగారి గది బయట చాలాసేపు నిలబడ్డాను. చివరికి ఆయనే లోపలికి రమ్మన్నారు. నిబంధనల పుస్తకం తీసి చదివారు. క్వార్టెట్‌లో నాలుగు స్థానాలు ఉండవలెనని ఉంది. మనుషులు ఉండాలని ఎక్కడా లేదు. మన పెద్దలు ఎంత ముందుచూపుతో రాశారో చూశావా అన్నారు. కాబట్టి మూడు కుర్చీలు నాతోపాటు నమోదయ్యాయి. వాటికి హాజరు కూడా వేస్తారు. ఇది ప్రత్యేక సందర్భమనీ, బయట ఎవరితోనూ అనవద్దనీ చెప్పారు. నేను ఎవరితో అంటాను. నీకు రాస్తున్నాను, అంతే.

నిజం చెప్పాలంటే నాకు ఇబ్బందేమీ లేదు. కుర్చీలు నావైపు చూడవు.

నీ
మౌనమ్మ


కుర్చీల కొట్టు,
వెనక గది

మౌనమ్మా,

ఉత్తరం చదివి నవ్వాను. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని చదివి ఇంకా నవ్వాను. ఆ తర్వాత కోపం వచ్చింది. మూడు కుర్చీలు అని రాసి ఊరుకున్నావు. ఎలాంటి కుర్చీలే? చేతులున్నవా, లేనివా? లోపల స్ప్రింగులా, ఉత్త స్పాంజా? కుర్చీల మధ్య పెరిగిన పిల్లవి, ఆ మాత్రం రాయాలని తెలియదూ?

ఇక్కడ పనికి తెరిపి లేదు. పళ్ళ డాక్టరు తన హాల్లో కుర్చీలన్నీ ఒక్కసారే పంపించేశాడు. రోగులు నొప్పి పట్టలేక గోళ్ళతో రెక్సిన్ అంతా పీకేశారట. ఇప్పుడు అందరూ నిలబడి ఏడుస్తున్నారు, త్వరగా ఇమ్మని రోజూ కబురు. మన పాత సోఫా మీద కూడా ఆయన కన్ను పడింది. నువ్వు వెనకాల దూరి వాయించేదానివే, అదే. అమ్మేది లేదు పొమ్మన్నాను. గుర్తుందా, కొట్టుకొచ్చినవాళ్ళు సోఫాలో రేడియో బిగించాననుకునేవాళ్ళు. వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఎంత బతిమాలినా బయటికి వచ్చేదానివి కాదు.

ఒకటి అడుగుతాను, దాటెయ్యకు. నువ్వొక్కదానివే స్టేజీ ఎక్కి వాయించాల్సిన కచేరీ ఒకటుందన్నావు పోయినేడు. సోలో అన్నావు. దాని సంగతేమిటి? రాతపరీక్ష గురించి రాశావు, పరభాష గురించి రాశావు, క్వార్టెట్ గురించి రాశావు, దాని ఊసు మాత్రం లేదు.

మనం అనుకున్న మాట గుర్తుందిగా. ఈ ఏటితో డిగ్రీ చేతికి రావాలి. రాలేదూ, ఆ వయోలాని పెట్టెలో పెట్టేసి, వచ్చి నా పక్కన కూర్చుని మేకులు కొట్టాలి. పని నీకు వచ్చు. కాని నువ్వు మేకు కొట్టినా తాళం వేస్తావు, వినేవాళ్ళకి తిక్క పుడుతుంది.

పిన్ని


సాధన గది,
కింది అంతస్తు

పిన్నీ,

కుర్చీల సంగతి. మూడూ చెక్కవి, చేతులు లేవు. కూర్చునే చోట ఎర్ర రెక్సిన్, లోపల స్పాంజి. మొదటి వయొలిన్‌కి వెనక కాలు ఒకటి పొట్టి. చెలో ముందుకు వాలుతుంది. రెండో వయొలిన్‌కి ఏ లోపమూ లేదు. అందుకే దాన్ని ఎవరూ గమనించరు.

మధ్యంతర పరీక్ష అయింది. హెడ్డుగారూ పియానో మాస్టారూ వచ్చి ఎదురుగా కూర్చున్నారు. నేను నా వంతు వాయించాను. వయోలాకి పాట ఉండదు, పిన్నీ. పాట మొదటి వయొలిన్‌ది. మేం మధ్యలో ఊ కొడతాం. మొదటి వయొలిన్ ఒక్కతే పాడే చోటు ఒకటుంది. అక్కడ నేను విల్లు ఒళ్ళో పెట్టుకుని, దానివైపు చూస్తూ కూర్చోవాలి. చాలాసేపు చూడాలి.

మార్కులు గోడకి అంటించారు. అందరికంటే పైన మొదటి వయొలిన్ ఉంది. ఎక్కడా హద్దు దాటలేదు, ఈ వయసులో ఇంత నిగ్రహం అరుదు అని రాశారు. రెండో వయొలిన్‌కి నిలకడ ఉందట. చెలో ముందుకు వాలడం తగ్గించుకోవాలట. నేను తోటివారిని వినడం లేదట. మిగతా ముగ్గురినీ కప్పేస్తున్నానట.

వెళ్ళి అడుగుదామనుకున్నాను. తలుపు దాకా వెళ్ళి వచ్చేశాను. ఇప్పుడు ఇంకా మెల్లగా వాయిస్తున్నాను.

గోడ అవతల గదిలో ఎవరో చెలో సాధన చేస్తారు. ఎప్పుడూ చూడలేదు. వాళ్ళు కూడా మధ్యమధ్యలో ఆగిపోయి చాలాసేపు ఊరుకుంటారు, ఎందుకో. ఒక్కోసారి వాళ్ళు ఊరుకున్న చోట నా వంతు వస్తుంది. అప్పుడు బాగుంటుంది.

దిండు ఇంకా కొత్తగానే ఉంది.

నీ
మౌనమ్మ


కుర్చీల కొట్టు

మౌనమ్మా,

కుర్చీకంటే తక్కువ మార్కులా నీకు? నా బతుకంతా కుర్చీలతోనే గడిచింది, వాటిమీద నాకు గౌరవమే. కాని ఒక్కటి కూడా నిగ్రహం చూపించగా నేను చూడలేదు. స్ప్రింగు తెగితే ఊరంతా వినేలా కీచుమంటుంది. ఆపాటి తెగువ నీకు లేదు. తలుపు దాకా వెళ్ళి రావడమేమిటి? కొడితే చెయ్యి అరిగిపోతుందా?

కాలు పొట్టి అన్నావు. అట్టముక్క మడిచి కింద పెట్టు.

దిండు కొత్తగానే ఉన్నందుకు సంతోషం. దాని గురించి నేను అడగలేదు. సోలో గురించి అడిగాను. ఉత్తరం తిప్పి కూడా చూశాను, వెనక వైపు ఏమీ లేదు.

పిన్ని


హాస్టల్

పిన్నీ,

ఈ ఉత్తరం వెనకే పార్సెల్ బండిలో మొదటి వయొలిన్ వస్తుంది. దయచేసి వెంటనే చూడు.

రిహార్సల్ చూడటానికి వచ్చిన పియానో మాస్టారు పరధ్యానంగా దానిమీద కూర్చున్నారు. ఆయన భారీ మనిషి. రెక్సిన్ చిరిగి, అడుగున చెక్క విరిగింది. ఆయన లేచి కుర్చీకి క్షమాపణ చెప్పుకున్నారు. నాకు చెప్పలేదు.

వేరే కుర్చీ ఇమ్మని అడిగాను. తలుపు కొట్టే అడిగాను. ఈ ఏడాది కుర్చీలకి ఎన్నడూ లేని గిరాకీ అనీ, ఒక్కటి కూడా ఖాళీ లేదనీ స్టోరు గుమాస్తా అన్నారు. ఉన్నా కుదరదన్నారు హెడ్డుగారు. నమోదైన స్థానాన్ని ఏడాది మధ్యలో మారిస్తే, ఒకరి పరీక్ష ఇంకొకరు రాసినట్టే లెక్కట. అయితే జబ్బు చేస్తే సెలవు ఇవ్వవచ్చు. అలా మొదటి వయొలిన్‌కి సిక్ లీవు మంజూరైంది. నయమైందని నువ్వు ఒక చీటీ రాసి సంతకం పెట్టి దానికి కట్టాలి. చివరి పరీక్ష నాటికి అది ఇక్కడ లేకపోతే నలుగురమూ గైర్హాజరు కింద లెక్క. నా ఏడాది పోతుంది.

ఇక సోలో. అది ఇంకా కాలేదు. మొదట తేదీ ఇచ్చినప్పుడు తీగ తెగిందని చెప్పాను. మళ్ళీ ఇచ్చినప్పుడు హాలు చల్లగా ఉందన్నాను. తర్వాత నేను అడగడం మానేశాను, వాళ్ళూ మరిచిపోయారు. స్టేజీమీద ఒక్కదాన్నే ఉంటే పాట నాదవుతుంది, పిన్నీ. తప్పు కూడా నాదే అవుతుంది. మధ్యలో ఊ కొట్టేవాళ్ళ తప్పులు ఎవరికీ వినపడవు. క్వార్టెట్ అయ్యాక ఎలాగో ధైర్యం చేస్తాను.

నామీద కోపం కుర్చీమీద చూపించకు.

నీ
మౌనమ్మ


కుర్చీల కొట్టు

మౌనమ్మా,

నీ మొదటి వయొలిన్ దిగింది. దించేటప్పుడు జాగ్రత్త, అసలే రోగి అన్నాను. బండివాడు కుర్చీనొకసారి, నన్నొకసారి చూసి, రసీదు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

అడుగున చెక్క మార్చాను. పట్టీలు కొత్తవి లాగి బిగించాను. ఆ ముక్కిపోయిన స్పాంజి పారేసి స్ప్రింగులు వేశాను. పళ్ళ డాక్టరు కుర్చీలకి తెచ్చిన ఎర్ర రెక్సిన్ ఉంటే అదే దీనికీ తొడిగాను. ఆయనవీ చెక్కవే, చేతుల్లేనివే. కొట్టంతా ఇప్పుడు ఎర్ర కుర్చీలే, కాలు పెట్టడానికి చోటు లేదు. చీటీ రాశాను: రోగి కోలుకుంది, బరువు మోయగలదు, పియానో వాళ్ళని దూరంగా ఉంచాలి. రేపు బండెక్కిస్తాను.

సోలో సంగతి చదివాక కొట్టిన మేకులన్నీ వంకర పోయాయి. సాయంత్రానికి కోపం తగ్గింది. నువ్వు సోఫా వెనకాల వాయిస్తుంటే నేను ఇవతల కూర్చుని కుట్టుకుంటూ వినేదాన్ని. అన్నేళ్ళు విన్నాను. వాయించేటప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

పిన్ని


హాస్టల్

పిన్నీ,

కుర్చీ వచ్చింది. ఇది మాది కాదు.

అడుగున పళ్ళ ఆసుపత్రి ముద్ర ఉంది. మందు వాసన వేస్తోంది. నాలుగు కాళ్ళూ సమానంగా ఉన్నాయి. మా కుర్చీ చీటీ నువ్వు దీనికి కట్టావు.

పరీక్ష రేపు. ఇంకెవరూ పోల్చుకోలేదు. హెడ్డుగారు దాని వీపు తట్టి, బాగా కోలుకుంది, కాస్త ఒళ్ళు కూడా చేసింది అన్నారు.

ఊరుకుంటే అబద్ధం. చెబితే బదులు కుర్చీ పెట్టినట్టు, పరీక్ష పోయినట్టు, నేను వచ్చి మేకులు కొట్టినట్టు. నీ జవాబు వచ్చేలోపు అంతా అయిపోతుంది. తెలిసే రాస్తున్నాను. రాస్తే నీ పక్కన కూర్చున్నట్టు ఉంటుంది.

నీ
మౌనమ్మ


కుర్చీల కొట్టు

మౌనమ్మా,

కొంప మునిగింది. కుర్చీలు మారిపోయాయి. ఇచ్చినవాటిలో ఒకటి కుంటుతోందని డాక్టరు కబురంపితే వెళ్ళాను. చూద్దునుగదా, హాలు మధ్యలో నీ మొదటి వయొలిన్. దానిమీద దవడ వాచిన పెద్దమనిషి ఒకాయన. లేవండి బాబూ అంటే లేవడు. ఇవ్వనని డాక్టరు కూడా మొండికేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు అరవడం లేదట. పక్కకి పడిపోకుండా చూసుకోవడంలో నొప్పి మరిచిపోతున్నారట.

నువ్వు కంగారు పడకు. పరీక్షలో నోరు మాత్రం విప్పకు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుస్తుంది, కుర్చీ కుర్చీయే. ఊరుకోవడం నీకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు. అది పనికొచ్చే రోజు ఇన్నాళ్ళకి వచ్చింది. ఊరుకో.

పిన్ని


హాస్టల్

పిన్నీ,

నీ ఉత్తరం పరీక్ష అయ్యాక అందింది. నేను ఊరుకోలేదు.

చివరి పరీక్షకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. నోటీసు చూసి కొందరు వచ్చారు. స్టోరు గుమాస్తా కూడా వచ్చారు, కుర్చీలు లెక్క చూసుకోవడానికి అనుకుంటాను. మొదలుపెట్టాను. ఎప్పటిలాగే మధ్యలో ఊ కొడుతూ పోయాను. మొదటి వయొలిన్ ఒక్కతే పాడే చోటు వచ్చింది. విల్లు ఒళ్ళో పెట్టుకుని దానివైపు చూశాను.

నువ్వు నవ్వుతావు కాని, ఏడాదంతా మా కుర్చీవైపు చూసిచూసి అక్కడ నాకు పాట వినపడడం అలవాటైంది. ఈ కుర్చీ దగ్గర ఏమీ వినపడలేదు. ఎవరో ఇప్పుడే లేచి లోపలికి వెళ్ళినట్టు ఉంది, అంతే. ఆ ఖాళీ భరించలేకపోయాను. విల్లు తీసి ఆ పాట నేనే వాయించేశాను. మొదటి వయొలిన్ పాట, వయోలామీద, బొంగురు గొంతుతో. ఆగవలసిన చోట ఆగలేదు. చివరిదాకా పోయాను.

అయ్యాక హెడ్డుగారు లేచి, మొదటి వయొలిన్ ఈ రోజు తనను తాను మించిపోయిందన్నారు. పియానో మాస్టారు కళ్ళు తుడుచుకున్నారు. ఒకసారి విరిగినవాళ్ళకే ఆ లోతు వస్తుందట. అందరూ కుర్చీవైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

నేను లేచి నిలబడ్డాను.

“అది మొదటి వయొలిన్ కాదండీ. పళ్ళ డాక్టరుగారి కుర్చీ.”

చప్పట్లు ఆగిపోయాయి. హెడ్డుగారు నావైపు చూశారు. ఇన్నాళ్ళలో అదే మొదటిసారి అనుకుంటాను.

“మరి వాయించిందెవరు?”

“నేనే. మొదటినుంచీ నేనొక్కదాన్నే.”

నిబంధనల పుస్తకం తెప్పించారు. ఇద్దరూ పక్కకి వెళ్ళి చాలాసేపు గుసగుసలాడుకున్నారు. వచ్చి తీర్పు చెప్పారు. బదులు కుర్చీ కూర్చుంది కాబట్టి ఇది క్వార్టెట్ కాదు. వాయించింది ఒక్కతేనని ఆ మనిషే ఒప్పుకుంది కాబట్టి, వినడానికి జనం ఉన్నారు కాబట్టి, ఇది సోలో. సోలోలో నేను పాసయ్యాను, పిన్నీ. లేచి మాట్లాడిన రెండు ముక్కలనీ సభకి వందనం కింద జమకట్టారు. మొదటి వయొలిన్ పేరు మాత్రం రిజిస్టరులోంచి కొట్టేశారు.

అంటే క్వార్టెట్ మిగిలిపోయింది.

వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపో నవ్వో నాకే తెలియలేదు. పొడుగాటి అమ్మాయి ఒకామె పక్కన వచ్చి నిలబడింది.

“నేను గోడ అవతల చెలోని,” అంది. మెల్లగా అడిగింది. “నీక్కూడా కుర్చీలేనా?”

ఆమెకీ మూడు కుర్చీలు. ఇది ప్రత్యేక సందర్భం, ఎవరితోనూ అనవద్దు అని ఆమెకీ చెప్పారట. ఇద్దరం కలిసి ఒక్కొక్క గది తలుపే కొట్టుకుంటూ పోయాం. పై అంతస్తులో ఒక అబ్బాయి, మొదటి వయొలిన్, మూడు కుర్చీల మధ్య కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి తలుపు వెనక్కి వెళ్ళబోయాడు. నాకు వాడు వెంటనే నచ్చాడు. వరండా చివరి గదిలో రెండో వయొలిన్ అమ్మాయి. ఆమె తన కుర్చీలతో పోట్లాడి, మూడింటినీ గోడవైపు తిప్పి కూర్చోబెట్టింది. ఈ ఏడాది కుర్చీలకి అంత గిరాకీ ఎందుకో అప్పుడు తెలిసింది.

నలుగురం హెడ్డుగారి దగ్గరికి వెళ్ళాం. తలుపు నేను కొట్టాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పి, స్థానాల్లో మనుషులు ఉండకూడదని కూడా ఎక్కడా లేదు కాబట్టి అభ్యంతరం లేదన్నారు. ఏడాది ముగిసేలోపు ఇంకో పరీక్ష పెడతామన్నారు.

ఒకటే చిక్కు. కుర్చీలన్నీ, మేం కూర్చునేవి కూడా, పాత బృందాల్లో నమోదై ఉన్నాయి, వాటిని ముట్టుకోకూడదు. హాస్టల్ కుర్చీలని గేటు దాటనివ్వరు. డాక్టరుగారి కుర్చీని ఆ రోజే వెనక్కి పంపించేశారు. మేం ముగ్గురం నిలబడి వాయించగలం. చెలో నిలబడి వాయించేది కాదు. ఇప్పుడు ఏ రిజిస్టరులోనూ లేని కుర్చీ మా పాత మొదటి వయొలిన్ ఒక్కటే. దాన్ని ఎలాగైనా పంపగలవా?

నీ
మౌనమ్మ


కుర్చీల కొట్టు

మౌనమ్మా,

కుర్చీ బండెక్కింది. ఈసారి నేలమీద పెట్టి ఊపి చూశాను, కుంటిదే, నీదే. అట్టముక్క అడుగున అతికించాను. ముందుకి వాలకుండా కూర్చోమని చెలో పిల్లకి చెప్పు.

ఊరుకోమంటే ఊరుకోలేదు. చిన్నప్పుడు మాట్లాడమంటే మాట్లాడేదానివి కాదు. నా మాట ఎప్పుడు విన్నావు గనక.

డాక్టరు ఊరికే ఇవ్వలేదు. కుర్చీకి బదులు సోఫా కావాలన్నాడు. రోగులని వరసగా పడుకోబెట్టుకుంటాడట. ఇచ్చేశాను. నిన్న వచ్చి మోసుకుపోయారు. అది ఉన్న చోట గోడవారన, నువ్వు విల్లుకి రాసుకునేదానివే, ఆ రోజిన్ పొడి తెల్లగా మిగిలింది. చీపురు తీసి, మళ్ళీ పెట్టేశాను.

పరీక్షకి నేను వస్తున్నాను. వద్దని రాయకు, ఉత్తరం అందేసరికి నేను బయల్దేరి ఉంటాను. కూర్చోవడానికేమీ లేకపోతే నిలబడతాను, నాకలవాటే. మేకుల సంగతి ఆ తర్వాత చూద్దాం.

నువ్వు కొట్టుకి ఎప్పుడొచ్చినా సరే, దూరడానికి ఇక్కడిప్పుడేమీ లేదు. వాయించాలనిపిస్తే నడిమధ్యలో నిలబడాల్సిందే. నేను కుట్టు పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, ఎదురుగా కూర్చుంటాను.

పిన్ని